కమ్మలు తీస్తేనే బల్లలో చోటా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా వయసు 27. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. పుట్టింటివారు లూథరన్ సంఘస్థులు. క్రిస్మస్ రోజున మా అమ్మ తలలో పూలు పెట్టుకుని, ఉన్న ఒక్క గొలుసు వేసుకుని గుడికి రావడం చూస్తూ పెరిగాను. రెండేళ్ల క్రితం నాకు పెళ్లయింది. అత్తవారి సంఘం వేరు. అక్కడ ఆడవాళ్లు నగలు, గాజులు, పూలు పెట్టుకోకూడదు. పెళ్లిలో సిలువ గుర్తున్న పుస్తెలు కట్టించమని మా నాన్న బతిమాలినా ఒప్పుకోలేదు. ఇద్దరం బైబిళ్లు మార్చుకున్నాం, అంతే. మొదటిసారి పుట్టింటికి వెళ్లినప్పుడు నా బోసి మెడ, బోసి చేతులు చూసి అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

కమ్మలు తీసి బీరువాలో పెట్టాను. రంధ్రాలు పూడిపోకుండా చెవులకు వేపపుల్ల ముక్కలు పెట్టుకున్నాను. ఒక ఆదివారం పాస్టరమ్మగారు అది చూసి, ‘బంగారం తీశావు కానీ ఆశ తీయలేదమ్మా’ అన్నారు. తర్వాత మా తమ్ముడి పెళ్లికి వెళ్లి కమ్మలు పెట్టుకున్నాను. ఎవరో ఆ ఫోటో పెద్దలకు చూపించారు. మూడు నెలలుగా నాకు బల్ల, అంటే ప్రభువు భోజనం, ఆపేశారు. రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి పక్కవారికి దాటిపోతుంది.

ఇంకొకటి. వినాయక చవితికి పక్కింటి పిన్నిగారు కుడుములు పంపితే, తెచ్చిన చిన్నపిల్ల చూస్తుండగానే మా అత్తయ్య వాటిని మురుగుకాలువలో పారబోసింది. ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేకపోతున్నాను. మామయ్యకు షుగర్ ఉంది. విశ్వాసం ఉన్నవాడికి బిళ్లలెందుకని సంఘంలో ఎవరో అన్నప్పటి నుంచి రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. మా ఆయన మంచివారే, కానీ ‘అమ్మ ఉన్నన్నాళ్లు సర్దుకో’ అంటారు. గలతీయులకు పౌలు రాసిన పత్రిక చదువుతుంటే ఏడుపు వస్తోంది. నేను తిరుగుబాటు చేస్తున్నానా? క్రీస్తు ఇచ్చిన స్వాతంత్ర్యంలో నాకు వాటా ఉందా, లేదా?
– ఒక సోదరి

సమాధానం: అమ్మా, వందనాలు. మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసిన మామయ్యగారి బిళ్లల సంగతి ముందు మాట్లాడదాం. మిగతావన్నీ రేపటికి ఆగుతాయి, అది ఆగదు. షుగర్ నొప్పి పెట్టదు. అందుకే ఒక రోజు బిళ్ల మానేస్తే ఏమీ కాలేదనిపిస్తుంది. కళ్లకూ, మూత్రపిండాలకూ, కాళ్లకూ లోపల్లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. కడుపు జబ్బుతో తరచూ బాధపడుతున్న తన శిష్యుడు తిమోతికి అపొస్తలుడైన పౌలు ‘విశ్వసించు, ఊరుకో’ అని రాయలేదు. కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. ఆ కాలంలో అదే మందు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. పౌలే కొలొస్సయులకు రాస్తూ అతన్ని ప్రియమైన వైద్యుడు అన్నాడు. మీ ఆయనను పిలిచి, ఈ వారంలోనే మామయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయించమనండి. ఈ విషయంలో సంఘంలో ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

ఇక మీ చెవుల సంగతి.

మీ పెద్దలు ఏ వాక్యాలు చూపించి ఉంటారో ఊహించగలను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అవే చూపించాను. మొదటిది పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం. అక్కడ అపొస్తలుడు భార్యలతో, వెలుపటి అలంకారం కాదు, హృదయపు అలంకారం చూసుకోండి అంటాడు. ఆ వెలుపటి అలంకారంలో మూడు సంగతులు చెప్పాడు: జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం. మూడూ ఒకే వరుసలో ఉన్నాయి. మీ సంఘంలో జడ వేసుకోని ఆడపిల్ల ఒక్కరైనా ఉన్నారా? ఆదివారం పొద్దున కొబ్బరినూనె రాసి బిగుతుగా జడ వేసి మరీ పిల్లలను గుడికి తీసుకువస్తారు కదా! జడకు వర్తించని నిషేధం, చీరకు వర్తించని నిషేధం, మధ్యలో ఉన్న బంగారానికి మాత్రమే ఎలా వర్తించింది? పేతురు నిషేధాల పట్టీ రాయడం లేదు. దేన్నిబట్టి నీ విలువ కట్టుకుంటున్నావని అడుగుతున్నాడు. ఆ ప్రశ్న నగ పెట్టుకున్న వారినీ అడగాలి, నగ తీసేసి ఆ తీసేయడాన్నే నగలా ధరించి తిరిగేవారినీ అడగాలి.

రెండోది, బంగారు దూడను చేసి పూజించిన తర్వాత ఇశ్రాయేలీయులు ఆభరణాలు తీసేసిన సంగతి. నిర్గమకాండం 33లో ఉంది, నిజమే. కానీ అక్కడే పుస్తకం మూసేస్తే ఎలా? రెండు అధ్యాయాలు తిప్పండి. 35లో అదే జనం, స్త్రీలూ పురుషులూ, ముక్కరలూ పోగులూ ఉంగరాలూ తెచ్చి దేవుని ఆరాధన కోసం కట్టే ప్రత్యక్ష గుడారం పనికి కానుకగా ఇచ్చారు. ఇవ్వడానికి వారి దగ్గర ఉన్నాయన్నమాట. తీసేయడం ఆ రోజు దుఃఖానికి గుర్తు, తరతరాల చట్టం కాదు. మూడోది, యాకోబు తన ఇంటివారి చెవిపోగులను షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టడం. పోగులతోపాటు ఏం పాతిపెట్టాడో కూడా చదవాలి: వారి దగ్గరున్న అన్యదేవతల విగ్రహాలు. ఆ పోగులు ఆ పూజలకు సంబంధించినవి. అదే ఆదికాండంలో అబ్రాహాము సేవకుడు బావి దగ్గర ప్రార్థన చేసి, రిబ్కా ముక్కుకు పోగు, చేతులకు కడియాలు పెట్టి, వెంటనే తల వంచి దేవునికి మొక్కాడు. ఆ ముక్కుపోగును ఏ చెట్టు కిందా పాతిపెట్టలేదు.

ఇదంతా మీ పెద్దలతో వాదనకు దిగమని చెప్పడం కాదు. మీ మనస్సాక్షికి చెబుతున్నాను. కమ్మలు పెట్టుకోవడం పాపం కాదు. తమ్ముడి పెళ్లిలో అక్క కమ్మలు పెట్టుకోవడం అసలే కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ల క్రితం నేను కొత్తగా కాపరినైనప్పుడు ఒక పల్లెలో స్త్రీల కూడిక జరిపాను. వేసవి. వెనక వరుసలో కూర్చున్న ఒక కూలి మనిషి తలలో మల్లెలు పెట్టుకుని వచ్చింది. మూరెడు కూడా ఉండదు ఆ దండ. వాక్యం మధ్యలో ఆపి, అందరి ముందూ, ‘మందిరంలోకి లోకాన్ని మోసుకొచ్చారు’ అన్నాను. ఆమె తలవంచుకుని, పిన్ను తీసి, దండను మడిచి పక్కనున్న కిటికీ గట్టు మీద పెట్టింది. కూడిక అయ్యాక వెళుతూ తీసుకోలేదు. మర్నాడు పొద్దున మందిరం ఊడ్చడానికి వెళ్లినప్పుడు వాడి గోధుమరంగుకు తిరిగి అక్కడే ఉంది. ఆ రోజు నాకు జాలి కూడా కలగలేదు. చీపురుతో తోసేశాను. ఆమె మళ్లీ కూడికలకు రాలేదని గమనించడానికి నాకు ఏడాది పట్టింది. ఆ మల్లెల గురించి బైబిలులో ఒక్క మాట లేదని తెలుసుకోవడానికి ఇంకా ఎక్కువే పట్టింది. కాబట్టి మీ పాస్టరమ్మగారి మీద నాకు కోపం లేదు. ఆమెను నేనెరుగుదును. ఒకప్పటి నేనే ఆవిడ.

యేసు కాలంలోనూ ఇదే తగువు. శిష్యులు చేతులు కడుక్కోకుండా భోజనం చేస్తున్నారని, ఆచారాల పట్టింపు ఎక్కువున్న పరిసయ్యులు తప్పుపట్టారు. అది శుభ్రత కోసం కాదు, పెద్దల పారంపర్యాచారం కోసం. దానికి ఆయన ఇచ్చిన జవాబు మార్కు ఏడో అధ్యాయంలో ఉంది. మనుషులు కల్పించిన పద్ధతులను దేవుని ఉపదేశాలుగా బోధిస్తున్నారన్నాడు. అక్కడితో ఆగకుండా కొర్బాను సంగతి ఎత్తాడు. తల్లిదండ్రులకు ఇవ్వవలసిన దాన్ని ‘ఇది దేవునికి అర్పితం’ అనేస్తే చాలు, ఇక వారిని చూడనక్కరలేదు. కల్పించిన నియమం దేవుని ఆజ్ఞ పక్కన బుద్ధిగా కూర్చోదు. దాన్ని పక్కకు నెట్టి ఆ చోట్లో కూర్చుంటుంది. మీ ఇంట్లో జరిగినదే చూడండి. పొరుగువారిని ప్రేమించమన్నది ఆజ్ఞ. కుడుములు ముట్టుకోకూడదన్నది నియమం. ఆ చిన్నపిల్ల ముందు ఏది గెలిచింది?

అలాగని ప్రతి నియమమూ దురుద్దేశంతో పుట్టిందనుకోకండి. 1743లో ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ తన మెథడిస్టు సమాజాలకు రాసిన నియమాల్లోనూ బంగారం, ఖరీదైన బట్టలు ధరించవద్దని ఉంది. ఆయన బాధ ఏమిటంటే, పక్కింట్లో ఆకలి ఉండగా ఒంటి మీద బంగారం ఏమిటని. మన ఊళ్లలోనూ నగల నిషేధం మొదట ఇలాంటి ప్రేమతోనే మొదలై ఉండవచ్చు. కూతురి పెళ్లికి నాలుగు కాసుల బంగారం కోసం అప్పు చేసి, ఆ అప్పు తీర్చలేక పొలం అమ్ముకున్న ఇళ్లు మనకు తెలియనివి కావు. ఒంటి మీద ఏమీ లేని పేదరాలు ముందు వరుసలో సిగ్గుపడకుండా కూర్చోగలిగితే అది చిన్న మేలు కాదు. అయితే ఆ ప్రేమ ఇప్పుడు మీ సంఘంలో మిగిలి ఉందా అన్నదే నా అనుమానం. తీసేసిన బంగారం అమ్మి ఎవరైనా పేదవారికి ఇచ్చారా, లేక బ్యాంకు లాకర్లో ఉందా? ఇంకొక చిన్న సంగతి: పెద్దల చేతులకు మెరిసే గడియారాలుంటాయి, జేబుల్లో ఖరీదైన ఫోన్లుంటాయి. వాటి గురించి ఏ ఆదివారమూ ప్రసంగం వినపడదు. మన సంఘాల్లో భక్తి నియమాలన్నీ తిరిగి తిరిగి ఆడవాళ్ల చెవుల దగ్గరికీ, తలల దగ్గరికీ, చేతుల దగ్గరికే ఎందుకు చేరతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీ అమ్మగారి కన్నీళ్లు కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు ఇంట్లో బోసి మెడ, బోసి చేతులు, పూలు లేని తల అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. భర్త పోయిన స్త్రీకి ఊరు బలవంతంగా వేసే వేషం అది. కొత్త పెళ్లికూతురిని ఆ వేషంలో చూసి కన్నతల్లి ఏడిస్తే అది అవిశ్వాసం కాదు. పుస్తెల తగువు నిన్నటిదీ కాదు. 1704లో రోము నుంచి పోపు ప్రతినిధిగా వచ్చిన తూర్నోన్ పుదుచ్చేరిలో ఒక శాసనం ఇచ్చాడు. దక్షిణాది క్రైస్తవులు ఏమేమి మానుకోవాలో అందులో ఉంది. వినాయకుడి బొమ్మ ఉన్న తాళిని మాన్పించి, దాని బదులు సిలువో, యేసు బొమ్మో, మరియమ్మ బొమ్మో ఉన్నది కట్టుకోమన్నాడు. అంతవరకు అర్థముంది. అక్కడితో ఆగక, పసుపు పూసిన 108 పోగుల తాడు కూడా పనికిరాదన్నాడు. పోగులు లెక్కపెట్టాడు, చూడండి! దాని మీద రేగిన గొడవ 40 ఏళ్లు నడిచింది. 1744లో మరో పోపు నిషేధాన్నే ఖాయం చేశాడు. ఆ నిషేధాలను పాటిస్తామని మిషనరీలు చేయవలసిన ప్రమాణం 1940లో గానీ తొలగలేదు. ఇంత జరిగాక ఈరోజు మన ప్రాంతంలో సిలువ గుర్తున్న పుస్తెలు కట్టుకునే కతోలిక, లూథరన్ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కేరళ సిరియన్ క్రైస్తవులైతే పూసలతో సిలువ ఉన్న మిన్ను అనే తాళి కట్టుకుంటారు. వారు క్రైస్తవులు కారని మీ పెద్దలు అంటారా? మీ నాన్నగారు అడిగింది పాపమేమీ కాదని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. స్వాతంత్ర్యం ఉంది. ఉన్నదాన్ని ఏం చేసుకోవాలన్నది అంత తేలిక కాదు. దానికి నేను ఎప్పుడూ ఇద్దరు కుర్రవాళ్ల కథ చెబుతాను, తీతు, తిమోతి.

తీతు గ్రీసు దేశస్థుడు. పౌలు అతన్ని యెరూషలేముకు తీసుకువెళ్లాడు. అక్కడ కొందరు, ఇతనికి సున్నతి చేయించాల్సిందే అన్నారు. పౌలు ఒక్క గడియ కూడా లొంగలేదు. గలతీ రెండో అధ్యాయంలో ఆ వేడి ఇప్పటికీ తగులుతుంది. తర్వాత కొంతకాలానికి లుస్త్రలో తిమోతి దొరికాడు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. అదే పౌలు, ఆ ప్రాంతంలోని యూదుల కోసం, తిమోతికి తానే సున్నతి చేయించాడు. ఒకే మనిషి, ఒకే ఆచారం, రెండు రకాలుగా నడుచుకున్నాడు. పిడివాదులకు ఇది మింగుడుపడదు. తేడా ఎక్కడుంది? తీతు దగ్గర వారు అడిగింది, ‘ఇది లేకపోతే నువ్వు దేవుని ప్రజల్లో లేవు’ అని. తిమోతి దగ్గర ఎవరూ ఆ మాట అనలేదు. అతనితో కలిసి యూదుల ఇళ్లలోకి వెళ్లాలంటే అడ్డు లేకుండా చూసుకున్నాడు, అంతే. మొదటిచోట లొంగి ఉంటే సువార్త పోయేది. రెండోచోట పట్టుబట్టి ఉంటే మనుషులు పోయేవారు.

మీ కమ్మలను ఈ రెండు కథల పక్కన పెట్టి చూడండి. ‘అత్తయ్యతో గుడికి వెళ్లేటప్పుడు ఆవిడకు నొప్పి కలగకుండా కమ్మలు తీసేస్తాను’ అని మీరు అనుకుంటే అది తిమోతి కథ. మీ స్వాతంత్ర్యంలో చిటికెడు కూడా తగ్గదు, ఎందుకంటే తీసింది మీ చెయ్యి. పౌలు తన సోదరుడికి అభ్యంతరమైతే ఎన్నటికీ మాంసమే తినను అన్నాడు. గమనించండి, ఆ మాట తన గురించి తాను అన్నాడు, ఇంకొకరి పళ్లెంలోంచి మాంసం లాగేయలేదు. కానీ ‘కమ్మలు తీస్తేనే రొట్టె’ అన్నారంటే అది తీతు కథ. అక్కడ తలవంచకండి.

బల్ల ప్రభువుది. ఎవరు కూర్చోవచ్చో చెప్పే అధికారం సంఘానికి కొంత ఉంది, కాదనను. కొరింథులో తండ్రి భార్యను ఉంచుకున్నవాడిని వెలివేయమని పౌలే రాశాడు. అదే కొరింథులో కొందరు ముందుగా తిని తాగి, ఏమీ లేని పేదవారిని ఆకలితో కూర్చోబెట్టినప్పుడు, మీరు చేస్తున్నది ప్రభువు భోజనమే కాదన్నాడు. పెళ్లిలో రెండు గంటలు పెట్టుకున్న కమ్మలను ఈ రెండింటిలో ఏ పాపం పక్కన పెడదాం? అంతియొకయలో పేతురు యూదులు కాని విశ్వాసులతో కలిసి భోజనం చేస్తూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే బల్ల దగ్గరి నుంచి లేచిపోయాడు. పేతురంతటి వాడిని పౌలు అందరి ఎదుట నిలదీశాడు. తోటి విశ్వాసిని బల్ల దగ్గర వేరు చేయడం చిన్న తప్పైతే నలుగురిలో గద్దించేవాడు కాదు.

మీ పెద్దలు ‘బలహీన సోదరుడు’ అనే మాట కూడా వాడతారు. నువ్వు పెట్టుకుంటే బలహీనులు అభ్యంతరపడతారంటారు. రోమా 14 చదివితే బలహీనుడంటే ఎవరో తెలుస్తుంది. ‘ఇది తినకూడదేమో, అది చేయకూడదేమో’ అని భయపడే వాడిని పౌలు బలహీనుడన్నాడు. నియమాలు ఎక్కువ ఉన్నవాడు అక్కడ బలవంతుడు కాదు! అభ్యంతరమంటే ఎదుటివాడికి నచ్చకపోవడమూ కాదు. మనల్ని చూసి వాడు తన మనస్సాక్షికి విరుద్ధంగా నడిచి పడిపోవడం. ఇరవై ఏళ్లుగా సంఘాన్ని శాసిస్తున్న పెద్దమనిషి మీ కమ్మలు చూసి రేపు తానూ కమ్మలు కుట్టించుకుంటాడన్న భయం నాకైతే లేదు.

ఇవతలి గట్టునా ఒక గొయ్యి ఉంది. 1522 మార్చిలో, మాంసం తినకూడని నలభై రోజుల ఉపవాస కాలంలో, స్విట్జర్లాండులోని జూరిక్‌లో ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడి ఇంట్లో కొందరు మాంసం తిన్నారు. ఎండబెట్టిన సాసేజీలను ముక్కలు చేసి పంచుకున్నారు. పనివాళ్లు రాత్రింబవళ్లు అచ్చుపనిలో ఉన్నారు, గంజితో సరిపెట్టలేనన్నది ఆయన వాదన. స్వింగ్లీ అనే గురువు అక్కడే ఉన్నాడు. తాను తినలేదు, తిన్నవారి పక్షాన మాత్రం నిలబడి ప్రసంగించాడు. అప్పటికి జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో పరిస్థితి తిరగబడి ఉంది. అక్కడ కొత్త స్వేచ్ఛ దొరికిన ఉత్సాహంలో జనం ఉపవాస దినాల్లో బాహాటంగా మాంసం తినడం, గుళ్లలోని బొమ్మలు పగలగొట్టడం మొదలుపెట్టారు. సంఘ సంస్కర్త లూథర్ తాను దాగి ఉన్న కోట నుంచి ఆ మార్చిలోనే వచ్చి ఎనిమిది రోజులు వరసగా ప్రసంగించాడు. స్వేచ్ఛగా వదిలిన దాన్ని ‘తప్పనిసరి’ చేయవద్దన్నాడు. ఉపవాసాన్ని తప్పనిసరి చేయడం ఎంత తప్పో, మాంసాన్ని తప్పనిసరి చేయడమూ అంతే. మీ విషయంలో దీనికి అర్థం: అత్తయ్య ముందు కావాలని కమ్మలు పెట్టుకుని తిరగకండి. కమ్మలు జెండా కాదు.

కుడుముల సంగతి. కొరింథు పట్టణంలో కటికవాడి అంగట్లో అమ్మే మాంసంలో కొంత గుళ్ల నుంచి వచ్చేది. అంగట్లో అమ్మేది ఏమీ విచారించకుండా తినండి అన్నాడు పౌలు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది తినండి అన్నాడు. ఎవరైనా ‘ఇది బలి అర్పించింది’ అని చెబితే మాత్రం, ఆ చెప్పిన వాడి మనస్సాక్షి కోసం మానుకోమన్నాడు. కాబట్టి సంక్రాంతికి పంపే అరిసెలూ సకినాలూ వట్టి పిండివంటలే, హాయిగా తినండి. నైవేద్యం పెట్టిన కుడుములు తినలేనని మీ మనసు చెబితే తినకండి, అందులో తప్పులేదు. తినకపోవడానికీ, పసిపిల్ల ముందు మురుగుకాలువలో పోయడానికీ మధ్య ఎంత దూరం! ఆ నియమం మీ అత్తయ్యకు కుడుములు కనిపించేలా చేసింది, పిల్లను కనిపించకుండా చేసింది.

ఆ కుడుములు వచ్చిన డబ్బా ఇంకా మీ ఇంట్లోనే ఉందా? ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదన్నది మన ఇళ్లలో పాత మర్యాద. ఏదైనా తీపి చేసి అందులో పెట్టి, మీరే వెళ్లి ఇవ్వండి. ఆ పిల్లను దగ్గరికి పిలిచి ఒక ముక్క మీ చేత్తో తినిపించండి. పిన్నిగారితో దాచకుండా మాట్లాడండి: ‘మేం నైవేద్యం తినం పిన్నీ, కానీ ఆ రోజు జరిగింది తప్పు.’ మా వీధిలో ఒకావిడ ఏటా కుడుములు తెచ్చి, ‘పూజకు పెట్టకముందే మీకు తీసిపెట్టాను’ అంటుంది. అంత మర్యాద ఆవిడ చూపిస్తుంటే నా వేదాంతం అక్కడ నోరు మూసుకుంటుంది. డిసెంబరులో మా ఇంటి కేకు మొదటి ముక్క ఆ ఇంటికే వెళుతుంది.

ఇక అత్తయ్య. ఆవిడ చెవులను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తమ్మెలకు కుట్టిన రంధ్రాలు ఉంటాయి, బహుశా పూడిపోయి చిన్న గీతలా కనిపిస్తాయి. ఒకప్పుడు ఆవిడా పెట్టుకున్నారు. ఎప్పుడు తీశారో, ఎందుకు తీశారో ఎవరైనా అడిగారా? నాకు తెలిసిన ఇళ్లలో ఆ జవాబు చాలాసార్లు కంటతడితో వస్తుంది. భర్త తాగుడు మాన్పించమని ప్రార్థించి తీసినవారున్నారు, బిడ్డ ఆసుపత్రిలో ఉండగా తీసినవారున్నారు, వాటిని అమ్మి గుడికి రేకులు వేయించినవారున్నారు. అలా తీసిన కమ్మలు నియమం కాదు, సాక్ష్యం. దాన్ని గౌరవించండి. ఆవిడ తప్పల్లా తన సాక్ష్యాన్ని మీ చెవులకు చట్టం చేయడం. మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని కూరగాయలు తరుగుతున్నప్పుడు, వాక్యాలేవీ ఎత్తకుండా అడగండి: ‘అత్తయ్యా, మీ కమ్మలు ఎలాంటివి?’ చెప్పనివ్వండి. ఆ రోజు మీ సంగతి అసలు మాట్లాడకండి. అది ఇంకో రోజుకు.

పెద్దల దగ్గరికి వెళ్లవలసింది మీరు కాదు, మీ ఆయన. ‘సర్దుకో’ అనే మాట ఎప్పుడూ సర్దుకోనక్కరలేని వారి నోటి నుంచే వస్తుంది. ఈ సమాధానం ఆయనకు చూపించండి. ఆయన వెళ్లి మర్యాదగా ఒక్క ప్రశ్న అడగాలి: ‘నా భార్య ఏ పాపం చేసిందని బల్ల ఆపారు? వాక్యం చూపించండి.’ చూపించలేక బల్ల తిరిగి ఇస్తే సంతోషం. అప్పుడు మీరు కమ్మలు తీసి వెళ్లినా, పెట్టుకుని వెళ్లినా మీ ఇష్టం. వారు పట్టుబడితే, భార్యాభర్తలిద్దరూ కలిసి ఇంకో సంఘంలో బల్లకు వెళ్లండి. అది తిరుగుబాటు కాదు, సంఘ విభజనా కాదు. ఆకలైన వాడు పెట్టే ఇంటికి వెళతాడు. ఈ లోపల పుట్టింటికి వెళ్లినప్పుడు మీ ఊరి గుడిలో బల్ల తీసుకోండి. మూడు నెలలు ఎక్కువే.

ముసుగు, ఉపవాస కూడిక, దశమభాగం గురించి మీరు ఏమీ రాయలేదు. మీకు వాటితో ఇబ్బంది లేనట్టుంది. లేకపోతే ఉంచుకోండి, నేను కొత్తగా తగువు పెట్టను.

ఇంకొకటి. వేపపుల్ల రోజుల తరబడి అలాగే ఉంచితే చెమటకు ఉబ్బి చెవి చీము పడుతుంది. నాలుగు రోజులకొకసారి లేత పుల్ల నున్నగా గీసి మార్చుకోండి. ఇప్పటికే ఎర్రబడి ఉంటే పుల్ల తీసేసి డాక్టరుకు చూపించండి. మామయ్యగారిని ఎలాగూ తీసుకువెళుతున్నారు కదా.